జెర్సీ సిటీ 3782

ప్రోగ్రాములు రాసి పొట్ట పోసుకునేవాళ్లలో ఘనమైన తప్పులు చేసినవాళ్లు ఉన్నారు. బ్యాంకు లెక్కలు తారుమారు చేసినవాళ్లు, ఒక్క కమాండుతో సర్వర్లన్నీ ఖాళీ చేసినవాళ్లు. నాకు అంత భాగ్యం పట్టలేదు. నా తెలివితక్కువతనమంతా ఒక చిన్న పని చుట్టూనే తిరిగింది. ఎడమవైపు పేరు, మధ్యలో ఈక్వల్స్ గుర్తు, కుడివైపు విలువ ఉండే మామూలు టెక్స్ట్ ఫైలును చదవడం, అంతే ఆ పని. దాన్ని కాన్ఫిగరేషన్ ఫైలు అంటారు. డేటాబేసు ఎక్కడుంది, పాస్‌వర్డ్ ఏమిటి, మెయిళ్లు పంపాలా వద్దా లాంటి సెట్టింగులను ప్రోగ్రాం బయట, మనుషులు చదువుకునేలా రాసిపెట్టే చోటు అది. దాన్ని చదివిపెట్టే కోడును పార్సర్ అంటారు. ఆ పార్సర్‌ను నేనే రాయాలన్న మొండిపట్టుతో ఉద్యోగ జీవితంలో సగానికి పైగా గడిపాను. నా ఈడు వాళ్లు ఇంతకన్నా పనికొచ్చే విషయాల మీద మొండితనం చూపించి మేనేజర్లయ్యారు.

వై2కె పుణ్యమా అని అమెరికా వచ్చిన బ్యాచ్ మాది. 2006 ప్రాంతంలో న్యూజెర్సీలో ఒక కంపెనీలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పని దొరికింది. పైథాన్ దించుకుంటే దాంతోపాటే వచ్చేసే స్టాండర్డ్ లైబ్రరీలో కాన్ఫిగ్‌పార్సర్ అనే మాడ్యూలు అప్పటికే చాలా ఏళ్లుగా ఉంది. పాత విండోస్‌లో ఉండే ఐఎన్‌ఐ ఫైళ్ల తరహా వాటిని అది చదువుతుంది. ఒక మధ్యాహ్నం వాడి చూశాను. పెద్దక్షరాలతో రాసుకున్న పేర్లన్నిటినీ చిన్నక్షరాలు చేసి ఇచ్చింది. ఇదేం లైబ్రరీ అని పక్కన పడేశాను. ఆ అలవాటును ఒక్క లైనుతో మాన్పించవచ్చని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. చదివితే కదా.

సొంతంగా రాసుకున్నాను. లైను తీసుకో, ఈక్వల్స్ దగ్గర విరువు, అటూ ఇటూ ఉన్న ఖాళీలు కత్తిరించు, డిక్షనరీలో పెట్టు. హాష్ గుర్తు కనబడితే అక్కణ్నుంచి కామెంటు, పారేయి. ఒక పేజీ కూడా పట్టలేదు. దానికో పేరు కూడా పెట్టాను. ఆ పేరు ఇక్కడ చెప్పను, మా పెద్దమ్మాయిది.

కొన్నాళ్లకు డేటాబేసు అడ్మిన్ కొత్త పాస్‌వర్డ్ ఇచ్చాడు. దాని మధ్యలో ఒక హాష్ ఉంది. నా పార్సర్ నమ్మకంగా సగం పాస్‌వర్డే చదివి ఇచ్చింది. లాగిన్ కావడం లేదని నేను డేటాబేసు వాళ్ల మీద టికెట్ వేశాను. పాపం, వాళ్లు రెండుసార్లు పాస్‌వర్డ్ మార్చి ఇచ్చారు. హాష్ లేని పాస్‌వర్డ్ వచ్చేసరికి అది పనిచేసింది. ‘‘చూశారా, మీ వైపే సమస్య’’ అని మెయిలు పెట్టి టికెట్ మూశాను. సంగతి తెలిశాక కూడా ఆ మెయిలును సరిదిద్దుతూ ఇంకొకటి పెట్టలేదు.

అసలు ముచ్చట మెయిళ్లది. టెస్టు సర్వర్ సెట్టింగులలో ‘మెయిళ్లు పంపు’ అనే పేరుకు ఎదురుగా ‘ఫాల్స్’ అని రాసి ఉంది. నా పార్సర్ చేతికిచ్చేవన్నీ స్ట్రింగులే, అంటే ఉత్త అక్షరాల వరుసలే. పైథాన్‌లో ఖాళీగా లేని స్ట్రింగు ఏదైనా నిజం కిందే లెక్క. ఇంగ్లిషులో ఐదక్షరాల ‘ఫాల్స్’ కూడా నిజమే. రాత్రంతా టెస్టు సర్వర్ అసలు కస్టమర్లకు బాకీ గుర్తుచేసే ఉత్తరాలు పంపుతూ కూర్చుంది. నేను పక్కన పడేసిన కాన్ఫిగ్‌పార్సర్ కూడా స్ట్రింగులే ఇస్తుంది గానీ, అవును-కాదు విలువ కావాలంటే అడిగి తీసుకోవడానికి దాంట్లో వేరే ఏర్పాటుంది. నాదాంట్లో లేదు. మర్నాడు చేర్చాను. ఎస్, నో, ఆన్, ఆఫ్, ట్రూ, ఫాల్స్ అన్నీ గుర్తుపట్టేలా. పార్సర్‌కు తెలివి పెరిగిందని మురిసిపోయాను.

పార్సర్‌కు ఆ రకం తెలివి బాగా ముదిరితే ఏమవుతుందో సంఘం పని పుచ్చుకున్నప్పుడు తెలిసింది.

2020 సంక్రాంతికి మా ప్రాంతపు తెలుగు సంఘం సభ్యులందరికీ పంచాంగం క్యాలెండర్లు పోస్టులో పంపాలనుకుంది. చిరునామాల లేబుళ్లు, ఆహ్వానం మెయిళ్లు నేను చేస్తానన్నాను. జాబితాను యామల్‌లో రాసుకున్నాను. 2001లో పుట్టిన ఫార్మాట్ అది. కుండలీకరణాల గోల లేకుండా, లైన్లను జరిపి రాసుకుంటే చాలు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కొటేషన్లు కూడా పెట్టక్కర్లేదు, విలువ చూసి అది అంకో అక్షరాలో తనే ఊహించుకుంటుంది. సొంత పార్సర్‌ను ఎందుకు వాడలేదంటారా? ఒకరి కింద ఒకరు ఉండే జాబితాలు దానికి రావు. సభ్యుల పేర్లు చదవలేని పార్సర్‌ను సంఘానికి చూపించడానికి మొహం చెల్లలేదు.

ముందు మా ఇంటి చిరునామాతో పరీక్షించాను. ఎడిసన్, న్యూజెర్సీ, 08820. లేబుల్ చక్కగా వచ్చింది. పక్క వీధి మిత్రుడిది, పిస్కాటవే 08854, అదీ చక్కగా వచ్చింది. షీట్లన్నీ ప్రింటు తీసేశాను.

లేబుళ్లు అంటించడానికి మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లలో మాస్టారొకరు. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్నాయన. సంఘం కోశాధికారి కూడా ఆయనే. కళ్లద్దాలు పైకెత్తి ఒక లేబుల్‌ను దగ్గరగా పెట్టుకుని చూశారు.

‘‘ఏమయ్యా, జెర్సీ సిటీ వాళ్లకి నాలుగంకెలే ఉన్నాయేం?’’

‘‘అది ఎక్సెల్ బుద్ధి మాస్టారూ. ముందున్న సున్నాను మింగేస్తుంది’’ అన్నాను. ఆ పనిలో నేను ఎక్సెల్‌ను ముట్టుకోనేలేదు.

‘‘సున్నా మింగితే 7306 మిగలాలి కదా. ఇది 3782.’’

నా దగ్గర జవాబు లేదు. ప్రింటర్ పాతదైపోయింది అనబోయి ఆగాను. మాస్టారు ఒక కవరు వెనక పెన్సిల్‌తో ఏదో వేసుకున్నారు. 7ని 512తో గుణిస్తే 3584. 3ని 64తో గుణిస్తే 192. సున్నాను 8తో గుణిస్తే సున్నా. చివర 6. అన్నీ కలిపి 3782. పెన్సిల్ కింద పెట్టి, ‘‘నీ కంప్యూటరుకి ఎనిమిది వేళ్లే ఉన్నట్టున్నాయి’’ అన్నారు.

యామల్ 1.1 పద్ధతిలో సున్నాతో మొదలై, ఆపైన 0 నుంచి 7 వరకు అంకెలే ఉంటే దాన్ని ఎనిమిది ఆధారంగా ఉన్న సంఖ్య అనుకుంటుంది. సీ భాష నాటి అలవాటు. జెర్సీ సిటీ ఇండియా స్క్వేర్ జిప్ కోడ్ 07306 అందుకే 3782 అయింది. పార్సిపనీ 07054 కాస్తా 3628 అయింది. మసాచుసెట్స్‌లో ష్రూస్‌బరీ 01545 అయితే 869కి వచ్చి కూర్చుంది. దాని పక్క ఊరు వెస్ట్‌బరో 01581కి ఏమీ కాలేదు, అందులో 8 ఉంది కాబట్టి. ఎనిమిది ఆధారంగా ఉన్న లెక్కలో 8 అనే అంకె ఉండదు గదా, అందుకని దాన్ని అక్షరాలుగా వదిలేస్తుంది. ఎడిసన్, పిస్కాటవే, ఐసలిన్, ప్లెయిన్స్‌బరో, మన్రో, మా తెలుగువాళ్లు కిక్కిరిసి ఉండే ఈ సెంట్రల్ జెర్సీ ఊళ్ల జిప్ కోడ్‌లు 08తో మొదలవుతాయి. నేను ఇరుగుపొరుగు చిరునామాలతో ఎన్ని పరీక్షలు చేసినా అన్నీ పాసవుతాయి.

పైథాన్ 3 నన్ను కాపాడే అవకాశం ఒకటి ఉంది. అంకెలు, అక్షరాలు కలిసి ఉన్న జాబితాను వరుసలో పెట్టమంటే అది ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. నిజానికి ఇచ్చింది కూడా. అది ఎందుకో చూడకుండా అన్నిటినీ స్ట్రింగులుగా మార్చే మాట ఒకటి తగిలించి నోరు మూయించాను.

అంతటితో అయిపోలేదు. కెనడాలో ఉన్న పాత సభ్యుల కుటుంబం ఒకటి ఉంది. ఒంటారియో రాష్ట్రపు కోడ్ ఓ, ఎన్. ఇంగ్లిషులో ‘ఆన్’. యామల్ 1.1 దాన్ని స్విచ్చి అనుకుంది. లేబుల్ మీద ‘బ్రాంప్టన్, ట్రూ’ అని పడింది. ఇక కార్యక్రమం వేళ 10:30 అని రాశాను. గంటలు నిమిషాలు అరవైలతో గుణించుకునే పద్ధతి ఒకటి కూడా యామల్ 1.1లో ఉంది. పదిని అరవైతో గుణించి ముప్ఫై కలిపి 630 అని మెయిళ్లలో వేసింది. వరసగా ఫోన్లు. ఆరున్నర అంటే పొద్దున్నా, సాయంత్రమా అని. మన కార్యక్రమాల సంగతి తెలిసినవాళ్లు కాబట్టి ఎక్కువమంది సాయంత్రమే అనుకున్నారు. ఒకాయన మాత్రం, ‘‘పొద్దున్నే ఆరున్నరకి భోగిమంట వేస్తున్నారా?’’ అని సంబరంగా అడిగాడు.

ఇదంతా నాకొక్కడికే పట్టిన గ్రహం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఒంటారియోకు పట్టినలాంటిదాన్ని నార్వే చిక్కు అంటారు. నార్వే దేశపు కోడ్ ఎన్, ఓ. యామల్ 1.1కి అది ‘కాదు’. దేశాల జాబితాలో నార్వే స్థానంలో ఫాల్స్ వచ్చి కూర్చుంటుంది. 2009లో వచ్చిన యామల్ 1.2లో ఈ ఊహలు చాలావరకు తీసేశారు గానీ, పైథాన్‌లో ఎక్కువమంది వాడే పైయామల్ ఇంకా 1.1 దారినే నడుస్తోంది. ప్రతి జిప్ కోడ్‌కూ కొటేషన్లు పెట్టి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. ఆ ముక్క కూడా డాక్యుమెంటేషన్‌లో ఉండేదే.

బుద్ధున్నవాడు దీన్నుంచి ఏం నేర్చుకోవాలి? ముందు మాన్యువల్ చదవాలని. నేను నేర్చుకున్నదేమిటంటే, బయటివాళ్ల కోడ్‌ను నమ్మకూడదు, నా పార్సరే నయం అని. అప్పటికి ఉద్యోగం మారాను. పాత కంపెనీ కోడు తీసుకెళ్లకూడదు కదా, అందుకని జ్ఞాపకం మీద మళ్లీ రాశాను. హాష్ తప్పుతో సహా.

2022 మొదట్లో మా టీంలో వరంగల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి చేరింది. చేరిన కొత్తలోనే నా పార్సర్‌ను తీసేసి టామ్ల్ ఫార్మాట్‌కు మారుదామని ఒక మార్పు పంపింది. టామ్ల్ అంటే గిట్‌హబ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ 2013లో తయారుచేసిన ఫార్మాట్. చూడ్డానికి ఐఎన్‌ఐ లాగే ఉంటుంది గానీ, అక్షరాలైతే కొటేషన్లలో పెట్టి తీరాలి, అంకెలకు అక్కర్లేదు, ట్రూ, ఫాల్స్ చిన్నక్షరాలలో ఒక్కో రకంగానే రాయాలి. ఊహించే పని లేదు. దాన్ని చదవడానికి టామ్లీ అనే లైబ్రరీ వాడదామంది. ఎన్ని లైన్లుంటుందని అడిగాను. సుమారు 800 అంది.

‘‘ఈక్వల్స్ దగ్గర విరవడానికి 800 లైన్లా అమ్మా?’’ అన్నాను, నలుగురూ వినేలా.

‘‘మీదానికి టెస్టులెక్కడున్నాయండీ?’’ అంది, ఎవరికీ వినపడకుండా.

అదే సమయంలో పైథాన్ లోకంలో ఆ టామ్లీ గురించే చర్చ నడుస్తోంది. పైథాన్‌కు పెద్ద మార్పేదైనా కావాలంటే పెప్ అనే ప్రతిపాదన పత్రం రాయాలి. తనేలి హుక్కినెన్, శాంతను జైన్ కలిసి 2022 జనవరి 1 తేదీతో 680వ పెప్ రాశారు. టామ్ల్ చదివే పార్సర్‌ను స్టాండర్డ్ లైబ్రరీలోనే పెట్టేయాలని వాళ్ల ప్రతిపాదన. హుక్కినెన్ రాసిన టామ్లీయే దానికి ఆధారం.

నేను ఆఫీసు లంచ్ దగ్గర దీన్ని తీవ్రంగా ఖండించాను. నా వాదన పైకి బాగానే ఉండేది. ఇంటర్నెట్ నుంచి ఒక్క కమాండుతో తెచ్చుకోగలిగినదాన్ని భాషలో ఎందుకు కలపాలి? లైబ్రరీలో చేరినదాన్ని తర్వాత కదిలించలేం. పాత మాడ్యూళ్లను తీసేయాలని 594వ పెప్ అప్పటికే దాదాపు మూడేళ్లుగా నలుగుతోంది. (చివరికి 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13లో ఆ పెప్ కింద 19 మాడ్యూళ్లు పోయాయి. టెల్నెట్‌లిబ్, సీజీఐ లాంటి మా తరం నేస్తాలు.) ఒక చేత్తో తీసేస్తూ ఇంకో చేత్తో పెడతారా అన్నాను. తెలివైనవాళ్లు కూడా ఆ వాదన చేసేవాళ్లు. వాళ్లు నిజంగా ఆ బరువు గురించి ఆలోచించి చేశారు. నా కారణం వేరు. ఏటా ఆఫీసు అప్రైజల్‌లో ‘కాన్ఫిగరేషన్ ఫ్రేమ్‌వర్క్ రూపకర్త’ అని ఒక లైను రాసుకునేవాణ్ణి. పైథాన్ ఆ పని ఊరికే చేసిపెడితే ఆ లైను పోతుంది.

పెప్ చదవకుండానే ఖండించాను గనక, అందులో ఏముందో ఆ అమ్మాయే చెప్పింది. 2016లో 518వ పెప్‌లో బ్రెట్ కానన్, నథానియెల్ స్మిత్, డొనాల్డ్ స్టఫ్ట్ పైథాన్ ప్యాకేజీలన్నిటికీ పైప్రాజెక్ట్ అనే ఒక సెట్టింగుల ఫైలు ఏర్పాటు చేశారు. ఏ ఫార్మాట్‌లో ఉండాలని అన్నీ పరిశీలించారు. జేసన్ అనే ఫార్మాట్‌లో కామెంట్లు రాసుకునే వీల్లేదు, చేత్తో రాయడం విసుగు. యామల్ వివరణ పత్రం ప్రింటు తీస్తే 86 పేజీలు. కాన్ఫిగ్‌పార్సర్ ఫార్మాట్‌కు రాసిపెట్టిన ప్రమాణమంటూ లేదు. అలా వడపోసి టామ్ల్‌కు ఓటేశారు.

దాంతో ఒక చిత్రమైన మెలిక పడింది. ప్యాకేజీని బిల్డ్ చేయాలంటే, ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్ అనే పనిముట్టు ముందు ఆ టామ్ల్ ఫైలు చదవాలి. చదవాలంటే టామ్ల్ పార్సర్ ఉండాలి. పార్సర్ కూడా ఒక ప్యాకేజీయే, దాన్నీ పిప్పే తేవాలి. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టయింది. పిప్ చేసేది లేక పార్సర్ కాపీ ఒకటి తన లోపలే దాచుకుని తిరిగేది. ప్యాకేజీలు కట్టే మిగతా పనిముట్లలోనూ కొన్ని అదే చేసేవి. ఎక్కడ తప్పు దొరికినా ప్రతి కాపీలోనూ విడివిడిగా సరిచేసుకోవాలి. భాషలోనే ఉంటే ఈ బాధ ఉండదు.

మరి 2016లోనే ఎందుకు కలపలేదంటే, టామ్ల్‌కు అప్పటికి 1.0 వెర్షన్ రాలేదు. అది 2021 జనవరిలో వచ్చింది. పైథాన్ కొత్త వెర్షన్ ఏడాదికోసారి వస్తుంది, వచ్చింది ఐదేళ్లు బతుకుతుంది. రూపు కుదరని ఫార్మాట్‌ను అందులో పెడితే ఆ ఐదేళ్లూ మోయాలి. అందుకని ఆగారు. ఆగడమంటే ఏమిటో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం చూసి, అదే సాయంత్రం పార్సర్ రాసేసినవాణ్ణి.

నా కోపం కాస్త చల్లారాక ఒక వారాంతం టామ్లీ కోడు తెరిచాను. తప్పులు పడదామని. 800 లైన్లు ఏం చేస్తున్నాయో చూస్తే, నేను చేయనివి చేస్తున్నాయి. ఒకే పేరు రెండుసార్లు వస్తే నా పార్సర్ రెండోదాన్ని నిశ్శబ్దంగా మొదటిదాని నెత్తిన పెట్టేసేది. అది ఆగి ఎర్రర్ చెబుతుంది. కొటేషన్ల లోపల ఉన్న హాష్‌ను కామెంటు అనుకోదు. తప్పు ఏ లైనులో, ఏ కాలమ్‌లో ఉందో చెబుతుంది. నాది ఏది ఇచ్చినా ‘సరే’ అనేది. దాన్ని నేను ఇన్నాళ్లూ మంచితనం అనుకున్నాను.

పెప్ ఆమోదం పొందింది. టామ్ల్ అనే పేరుతో వేరే ప్యాకేజీ అప్పటికే వాడుకలో ఉండటంతో కొత్త మాడ్యూలుకు టామ్ల్‌లిబ్ అని పేరు పెట్టారు. పైథాన్ 3.11 విడుదలైంది 2022 అక్టోబరు 24న. ఆ రోజు దీపావళి. ఎడిసన్‌లో ఇళ్ల ముందు చిచ్చుబుడ్లు కాలుస్తుంటే నేను లోపల ల్యాప్‌టాప్ ముందు కూర్చుని టామ్ల్‌లిబ్‌ను తిడుతున్నాను. ఫైలు తెరిచి ఇస్తే తీసుకోనంటుంది. మళ్లీ మాన్యువల్ చదవలేదు కదా. ఫైలును మామూలు టెక్స్ట్‌గా కాక బైట్లుగా తెరిచి ఇవ్వాలి. మొదట ఇది ఉత్త చాదస్తం అనిపించింది. తర్వాత విండోస్ ల్యాప్‌టాప్‌లో సంఘం ఫైలు తెరిచి చూశాను. హాలు పేరు, వంటల పేర్లు తెలుగులో రాసినవి. విండోస్‌లో పైథాన్ ఏమీ చెప్పకుండా టెక్స్ట్‌గా తెరిస్తే పాత పాశ్చాత్య అక్షరాల పట్టీ ప్రకారం చదువుతుంది. తెలుగు అక్షరాలు నెత్తిన గీత ఉన్న లాటిన్ ‘ఏ’లుగా, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో తగిలించుకుని వస్తాయి, పులిహోర లాంటి మాట తగిలితే చదవలేక ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. టామ్ల్ ప్రమాణం ప్రకారం ఫైలు ఎప్పుడూ, అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలోనే ఉండాలి. బైట్లు చేతికిస్తే టామ్ల్‌లిబ్ తనే యూటీఎఫ్-8గా చదువుతుంది, మన విండోస్ అలవాట్లతో దానికి పని లేదు. తెలుగు రాసుకునేవాడికి ఇంతకంటే మేలు ఏం కావాలి? ఎడమవైపు ఉండే పేరు తెలుగులో పెట్టాలంటే మాత్రం కొటేషన్లు తప్పనిసరి. పెట్టాను.

ఆ రాత్రే పాత సంక్రాంతి జాబితాలో నన్ను ముంచిన మూడు విలువలను మాత్రం కొటేషన్లు లేకుండా ఉంచి టామ్ల్‌లోకి మార్చి చూశాను, మొండితనం చావక. 07306 దగ్గర ఆగింది, సంఖ్యకు ముందు సున్నా పెట్టడానికి వీల్లేదు కాబట్టి. దాన్ని సరిచేస్తే ఓ, ఎన్ దగ్గర ఆగింది. అదీ సరిచేస్తే 10:30 దగ్గర ఆగింది, ఆ 1.0 ప్రమాణంలో సెకన్లు కూడా రాయాలి. మూడుసార్లూ లైను నంబరు చెప్పి ఆగింది. మాస్టారు పెన్సిల్ తీయాల్సిన పని పడలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే కాస్త పరువు మిగిలేది. టామ్ల్‌లిబ్ చదువుతుందే గానీ రాయదు. సెట్టింగులు మార్చి ఫైలులోకి తిరిగి రాయడానికి అందులో ఏ ఏర్పాటూ లేదు. మరచిపోయారనుకున్నాను. సగం పని చేసి వదిలేశారని లంచ్ దగ్గర మళ్లీ ఒక ఉపన్యాసం ఇచ్చి, రాసే కోడు నేనే రాశాను. ఈసారీ ఒక పేజీ లోపే.

రెండు సంగతులు జరిగాయి. విండోస్ ఫోల్డరు దారిని నేను కొటేషన్లలో పెట్టి ఉన్నదున్నట్టు రాశాను. టామ్ల్‌లో మామూలు కొటేషన్ల లోపల బ్యాక్‌స్లాష్ పక్కన టీ ఉంటే ట్యాబ్ అని, ఎన్ ఉంటే కొత్త లైను అని అర్థం. టెంప్ ఫోల్డరు పేరు కాస్తా ట్యాబ్‌తో మొదలై ‘ఎంప్’ అయింది. ఈసారి టామ్ల్‌లిబ్ కూడా ఆపలేదు, ఎందుకంటే నేను రాసింది దాని లెక్కలో సరైనదే. రెండోది ఇంకా అన్యాయం. ఫైలులో ఒక టైమౌటు విలువ పైన ఎవరో ‘దీన్ని తగ్గించొద్దు, పాత ప్రింటర్ ఆగిపోతుంది’ అని కామెంటు రాసి పెట్టారు. పార్సర్ చదివేటప్పుడు కామెంట్లను వదిలేస్తుంది. నేను తిరిగి రాసేసరికి కామెంట్లన్నీ మాయం. తర్వాతి వారం ఇంకొకరు అది చూసి, ఇంత పెద్ద విలువ ఎందుకని తగ్గించారు. ప్రింటర్ ఆగిపోయింది.

680వ పెప్‌లో ఇది రాసే ఉంది. రాయడమంటే కామెంట్లు ఉంచాలా, ఖాళీలు ఎలా ఉండాలి, ఏ కొటేషన్లు వాడాలి అని వంద అభిప్రాయాలుంటాయి. తొందరపడి ఏదో ఒకటి లైబ్రరీలో పెట్టేస్తే తర్వాత మార్చలేం, తర్వాత చేర్చడం మాత్రం ఎప్పుడైనా కుదురుతుంది. అందుకని చదవడం వరకే పెట్టి, రాయాలనుకునేవాళ్లను టామ్లీ-డబ్ల్యూ, టామ్ల్‌కిట్ లాంటి బయటి లైబ్రరీలకు వదిలేశారు. టామ్ల్‌కిట్ కామెంట్లను అలాగే ఉంచుతుంది. ఆ పెప్‌ను నేను మొదటిసారి పూర్తిగా చదివింది ప్రింటర్ ఆగిన రోజున.

మా టీంలో ఇప్పుడు నా పార్సర్ లేదు. తీసేసిన మార్పును ఆ అమ్మాయే పంపింది, ఆమోదించింది నేను. అప్రైజల్‌లో ఆ లైను కూడా తీసేశాను. మొదటి కంపెనీలో మాత్రం అది ఇంకా నడుస్తోందని పాత మిత్రుడొకడు చెప్పాడు. పాస్‌వర్డ్‌లలో హాష్ ఉండకూడదని అక్కడ ఒక రూలు ఉందట, ఎందుకో ఎవరికీ తెలియదట.

మీ సంఘం జాబితా కూడా యామల్‌లో ఉంటే, వచ్చే సంక్రాంతి క్యాలెండర్లు పోస్టు చేసేలోగా జిప్ కోడ్‌లన్నిటికీ కొటేషన్లు పెట్టండి. పైథాన్ 3.11గానీ ఆ తర్వాతిదిగానీ మీ దగ్గర ఉంటే టామ్ల్‌లిబ్ అందులోనే ఉంది, వేరే ఏమీ తెచ్చుకోనక్కర్లేదు. ఏది వాడినా సరే, పరీక్షకు ఎడిసన్ చిరునామా పెట్టకండి. పార్సిపనీది పెట్టండి.